మెల్లగా తీస్తే అరిచే గేటు

మా పేటలో ఆయన్ని వెన్న మేస్త్రి అంటారు. ఆయన అమ్మేది వెన్న కాదు, గేట్లు. ఇనప గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్కన కమ్మీలు చేస్తాడు. అయితే ఆయన బిగించిన గేటును చిటికెన వేలితో తోస్తే చాలు, వెన్న మీద జారినట్టు జారి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. తనంతట తాను తెరుచుకోదు, తనంతట తాను మూసుకోదు. అన్నిటికన్నా ముఖ్యం, కిక్కురుమనదు.

"గేటు అరిచిందంటే దాని మడతబందులు రెండూ ఒకదాని మీద ఒకటి చాడీలు చెబుతున్నాయన్నమాట. రెండిటినీ ఒకే గీత మీద నిలబెడితే ఇక చాడీలెందుకు?" అంటాడు.

ఆ గీత కోసం ఆయన పడే పాట్లు చూడాలి. గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు. ఒక కన్ను మూసి చూస్తాడు. బందు ఊడదీసి ఆకురాయితో రెండు రాకులు రాకి మళ్ళీ పెడతాడు. మళ్ళీ ఊడదీస్తాడు. ఇంటివాళ్ళు విసుగెత్తి "చాల్లేవయ్యా, తలుపు కాదుగా, గేటేగా" అంటే, "గేటే కాబట్టి. తలుపు మీరు తీస్తారు, గేటు ఊరంతా తీస్తుంది" అని మళ్ళీ వంగుతాడు.

ఈ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చదువు అబ్బక ఒక గ్రిల్లుల షాపులో ఊడ్చే పనికి చేరాడు. ఆ యజమాని మాటలు కోటలు దాటించేవాడే తప్ప పని దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. అందుకని ఈయన మాటలు వినడం మానేసి చేతులు చూడడం మొదలుపెట్టాడు. తుక్కులో పారేసిన పాత బందుల్ని ఇంటికి తెచ్చుకుని, విప్పి, ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చూసేవాడు. ఒక పక్కే అరిగితే బిగించినవాడు తప్పు చేశాడని, చుట్టూ అరిగితే నూనె పెట్టనివాడు తప్పు చేశాడని తనకు తానే తేల్చుకున్నాడు. అలా ఇతరుల తప్పులు విప్పి చూసుకుంటూ పనిమంతుడయ్యాడు.

సొంత షెడ్డు పెట్టుకున్నాక ఆయనకు ఒక అలవాటు పడింది. వానలు వెళ్ళాక నూనె డబ్బా పట్టుకుని, తాను చేసిన గేట్లన్నీ ఒక చుట్టు చుట్టి వస్తాడు. ఎవరూ పిలవరు, ఎవరినీ ఏమీ అడగడు. పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లల్ని చూసొచ్చినట్టు చూసొస్తాడు.

"మా ఆయనకి గేట్ల భాష వచ్చినంత బాగా మనుషుల భాష రాదు. నేను కూడా కాస్త కిర్రుమంటే తప్ప నాకేసి చూడడు" అంటుంది భార్య.

ఆయన బతుకులో మనుషుల భాష బాగా తెలిసిన మనిషి ఒకరే, వాళ్ళ అక్క. ఆవిడ కుట్టుపని చేస్తుంది. బడి పిల్లల యూనిఫారాలు, కిటికీ పరదాలు, దిండు గలేబులు కుడుతుంది. పేటలో పిల్లాజెల్లా అంతా ఆవిడను మిషనక్క అంటారు. పక్క వీధిలో రెండు గదులు, ముందు ఒక వసారా ఉన్న ఇల్లు. అందులో ఒక్కతే ఉంటుంది, కానీ ఒంటరిగా ఉంటున్నానని ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. తమ్ముడు మొట్టమొదట వెల్డింగుకు కూర్చున్నప్పుడు, కళ్ళు పోగొట్టుకుంటాడని నల్లద్దాలు కొనిచ్చింది ఆవిడే. ఆ రుణం తీర్చుకోవడానికన్నట్టు తమ్ముడు తన చేతి పనితనమంతా ధారపోసి అక్క ఇంటికి ఒక గేటు చేసి పెట్టాడు. పేటలో దానంత మెత్తగా తెరుచుకునే గేటు ఇంకోటి లేదు. కొత్తగా గేటు చేయించుకునేవాళ్ళను ముందు అక్కడికి తీసుకెళ్ళి, "ఊది చూడండి, తెరుచుకుంటుంది" అనేవాడు.

ఒక ఎండాకాలం పేటలో దొంగతనాలు మొదలయ్యాయి. పెద్దవేమీ కావు. పెరట్లో నీళ్ళ మోటారు, వసారాలో సైకిలు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు. అన్నీ మధ్యాహ్నం పూట, జనం అన్నాలు తిని నడుం వాల్చే వేళకు. పేట సంఘంవాళ్ళు బడి హాల్లో మీటింగు పెట్టారు. స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్‌ను పంపారు. సంఘానికి కార్యదర్శి లెక్కల బాబాయి. ఏదో ఆఫీసులో పద్దులు రాసి రిటైరయిన మనిషి. మిషనక్క పక్క ఇల్లే ఆయనది. ఆయన పేపరులో వచ్చిన పట్టిక ఒకటి కత్తిరించి తెచ్చి చదివాడు.

"నేరాల రేటు ప్రకారం నగరం మొత్తంలో మన పేటది అయిదో స్థానం!"

"బహుమతేమన్నా ఇస్తారా బాబాయ్?" అన్నారు వెనక బెంచీలోంచి.

"ఇది నవ్వులాట కాదు. పోయినేటికి రెట్టింపయింది."

"అంటే ఎన్ని?"

"అప్పుడు నాలుగు. ఇప్పుడు ఎనిమిది."

"మా సైకిలు పోయిన సంగతి మేం చెప్పనే లేదే. అదీ కలుపుకోండి, తొమ్మిది" అంది ఒకావిడ.

కానిస్టేబుల్ నుదురు రుద్దుకున్నాడు. "చెప్పాలమ్మా. చెప్పకపోతే ఎట్లా?"

"చెబితే రేటు పెరుగుతుందిగా?"

"పెరుగుతుంది."

"పెరిగితే మా పేటకి చెడ్డపేరు కాదూ?"

"మీరు చెబితే పేరు పోతుంది, చెప్పకపోతే సైకిలు పోతుంది. మధ్యలో నన్నేం చెయ్యమంటారు తల్లీ?" అన్నాడాయన. హాలంతా నవ్వింది. బాబాయి మాత్రం పట్టిక మడిచి జేబులో పెట్టుకుని, చివర్లో మళ్ళీ తీసి మళ్ళీ చదివాడు.

మేస్త్రి ఆ మీటింగులో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. షెడ్డులో పని ఎక్కువగా ఉంది. ఊచలు కావాలని, గేటు కావాలని రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు.

మీటింగయిన కొద్ది రోజులకు మిషనక్క ఇంట్లో దొంగ పడ్డాడు.

పడడమంటే గోడ దూకలేదు, తాళం విరగ్గొట్టలేదు. ఆవిడ వసారాలో కూర్చుని కుడుతోంది. వీధి వైపు నుంచి వచ్చే వెలుతురు ఎడమ భుజం మీదుగా సూది మీద పడాలి కాబట్టి, గేటుకు వీపు పెట్టి కూర్చోవడం ఆవిడకు మొదటి నుంచీ అలవాటు. పక్కన ముక్కాలి పీట మీద కుట్టడం అయిపోయిన యూనిఫారాల సంచి, ఇస్త్రీపెట్టె ఉన్నాయి. కాలరు కుట్టడం అయ్యాక కత్తెర కోసం వెనక్కి తిరిగితే పీట ఖాళీగా ఉంది. గేటు సగం తెరిచి, తెరిచిన చోటే బుద్ధిగా నిలబడి ఉంది.

"పోనీలే అక్కా, గుడ్డలేగా" అన్నారు అందరూ. "మనిషి క్షేమం, అదే పదివేలు" అన్నారు.

ఆవిడ అసలు సంగతి తమ్ముడొచ్చాక చెప్పింది.

"గుడ్డలకి కాదురా. చెయ్యి వెనక్కి చాస్తే తగిలేంత దూరంలో నిలబడ్డాడు. నేనప్పుడు పాడుకుంటున్నాను. నా పాట వాడు విన్నాడురా."

మేస్త్రి వెళ్ళి, సగం తెరిచి ఉన్న గేటును మూసి వచ్చాడు.

మర్నాడు కానిస్టేబుల్ వచ్చాడు. వసారా చూశాడు, పీట చూశాడు. గేటు దగ్గరికి వెళ్ళి ఒకసారి తీశాడు, ఒకసారి మూశాడు. ఇంకోసారి తీసి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాడు మేస్త్రి.

"చాలా బాగా చేశావయ్యా. కాస్త పాడుగా చేసుంటే బాగుండేది."

మేస్త్రి ముఖం మాడిపోయింది. కానిస్టేబుల్ ఎగతాళికి అనలేదు. పక్కింటి వైపు చెయ్యి చూపించాడు. "ఆ పెద్దాయన గేటు చూడు. తీస్తే వీధి వీధంతా ఉలిక్కిపడుతుంది. వసారాలో కొత్త సైకిలు పెట్టుకున్నాడు, తాళం కూడా వెయ్యడు. ఏ దొంగైనా ముట్టుకున్నాడా? ఇక్కడ మోటార్లు, సైకిళ్ళు పోయిన ఇళ్ళన్నీ చూసొస్తున్నా. గేట్లన్నీ ఇలాంటివే."

అవన్నీ ఎవరు చేసినవో వేరే చెప్పాలా? సాయంత్రానికల్లా ఆ మాట పేటంతా పాకింది. "వెన్న మేస్త్రి గేటు పెట్టించుకుంటే దొంగకి అల్లుడి మర్యాద చేసినట్టే" అని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారట. మేస్త్రి భార్య ఆ రాత్రి కంచం పెట్టి పిలిస్తే, ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అక్క మిషను తిప్పేసింది. ఇప్పుడు గేటుకు ఎదురుగా కూర్చుంటోంది. వెలుతురు కళ్ళలో కొడుతుంది, ఆవిడ చేతి నీడ సూది మీద పడుతుంది. నాలుగు కుట్లు వేయడం, తలెత్తి గేటు చూడడం. మళ్ళీ నాలుగు కుట్లు, మళ్ళీ గేటు. గీత గీసినట్టు పోయే కుట్టు వంకర్లు పోవడం మొదలైంది. ఒకరోజు సూది వేల్లో దిగింది. పరదాలు తీసుకెళ్ళిన ఒకావిడ ఏమీ అనకుండా ఇంటికెళ్ళి విప్పి మళ్ళీ కుట్టుకుందని అక్కకు ఎలాగో తెలిసింది.

"ఈ నెలాఖరుకి ఇల్లు అద్దెకిచ్చి చెల్లి దగ్గరికి పోతానురా" అంది తమ్ముడితో. చెల్లెలు వేరే ఊళ్ళో మూడో అంతస్తులో ఉంటుంది. "కింద కాపలావాడుంటాడు. పేరు రాసుకుని గానీ పైకి పంపడు."

"అక్కడ మిషనెక్కడ పెడతావక్కా?"

"పెట్టను. ఇన్నాళ్ళు తొక్కింది చాలు."

మేస్త్రి ఆవిడ కాళ్ళకేసి చూశాడు. మాట్లాడుతున్నంతసేపూ, తొక్కుడుపలక మీద లేకపోయినా, ఆ పాదాలు కదులుతూనే ఉన్నాయి. మిషను తొక్కని అక్క ఎలా ఉంటుందో ఆయన ఊహకు అందలేదు.

మొదట గేటు మీద ఈటెలు వెల్డింగు చేశాడు. "జైలు గేటులా ఉంది. లోపలున్నది నేను కదరా" అంది అక్క. గొలుసు, తాళం వేశాడు. గుడ్డలిచ్చేవాళ్ళు వచ్చి గొలుసు గలగల్లాడిస్తే ఆవిడ గుండె ఝల్లుమనేది. పైగా ప్రతిసారీ లేచి వెళ్ళి తాళం తియ్యాలి. పిలుపుగంట పెడదామనుకుంటే భార్యే నవ్వింది. "దొంగ గంట కొట్టి, వదినా బాగున్నారా అని వస్తాడా?" చిన్న చిన్న మువ్వలు కట్టాడు. గాలికి రోజంతా మోగి, అక్క గాలిని చూడడానికి లేచి వచ్చేది.

చివరికి ఒక మధ్యాహ్నం మేస్త్రి వెళ్ళి లెక్కల బాబాయి ఇంటి గేటు ముందు నిలబడ్డాడు.

ఆ గేటును అంతకు ముందు ఎన్నోసార్లు బాగుచేస్తానన్నాడు. ఆయన చెవులకు అది పళ్ళు నూరినట్టు ఉండేది. బాబాయి ఒప్పుకోలేదు. ఇప్పుడు దాన్ని మెల్లగా తీశాడు. కిర్ర్ర్ర్ మని సాగింది. ఇంకా మెల్లగా తీశాడు. ఇంకా సాగింది. గబుక్కున తోశాడు. టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. మేస్త్రి కళ్ళు చిన్నవయ్యాయి. మళ్ళీ మూసి మళ్ళీ మెల్లగా తీశాడు.

బాబాయి కండువా సర్దుకుంటూ బయటికొచ్చాడు. "ఏమయ్యా, నా గేటుతో ఆడుకుంటున్నావా? ఇల్లు కనబడలేదా, గేటే కనబడిందా?"

"మెల్లగా తీస్తే అరుస్తోంది బాబాయ్. గట్టిగా తోస్తే అరవడం లేదు."

"అదెప్పుడూ అంతే. అందుకే నేను తన్ని తీస్తా."

"దొంగ తన్ని తియ్యడు కదా?"

బాబాయి ఒక్క క్షణం ఆలోచించాడు. "తియ్యడు. దొంగన్నాక మెల్లగానే తీస్తాడు."

మేస్త్రి ఇక ఆగలేదు. ధైర్యంగా వచ్చేవాణ్ణి వదిలేసి దొంగచాటుగా వచ్చేవాణ్ణి పట్టిచ్చే గుణం ఆ తుప్పు గేటులో ఇన్నాళ్ళూ ఉంది. దాన్ని రోగమనుకుని మందు వేస్తానన్నాడు తను.

అయితే అరిచే గేటు చేయడం అరవని గేటు చేయడం కన్నా కష్టమని త్వరలోనే తెలిసింది. బందులకు ఉప్పునీళ్ళు పోసి తుప్పు పట్టించాడు. భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఇన్నేళ్ళూ నూనె పోశావు, ఇప్పుడు ఉప్పునీళ్ళు పోస్తున్నావు. రేపు వెల్డింగు బదులు మైదాపిండి పెట్టి అంటిస్తావా?" తుప్పు కొన్నాళ్ళు అరిచింది, తర్వాత పొడై రాలి ఊరుకుంది. బందుల్ని కావాలని వంకరగా బిగించాడు. అరుపైతే వచ్చింది గానీ గేటు ఒరిగి నేలను రాసుకుంది. ఒరిగిన గేటును చూస్తే ఆయనకు ఒంట్లో బాగోలేదు. దాన్ని ఊడదీశాకే అన్నం తిన్నాడు.

ఆయన ఆలోచన చివరికి ఇక్కడికొచ్చింది. గేటు బరువు మోసేది అడుగు ఇరుసు. దాన్ని ముట్టుకోకూడదు. అది బేరింగు మీద ఎప్పటిలా వెన్నలా తిరగాలి. అరుపు పై బందులోంచి రావాలి, ఎందుకంటే దానికి బరువు లేదు, నిటారుగా పట్టుకునే పనే. పై ఇరుసు చుట్టూ ఇనుముకు బదులు పొడి కర్ర కడియం తొడిగితే, ఇనుము కర్రను రాసుకుంటూ మెల్లగా తిరిగినప్పుడు పట్టుకుంటూ వదులుతూ అరుస్తుంది. తొందరగా తిరిగితే పట్టుకునే వ్యవధి ఉండదు.

ఏ కర్ర? మెత్తని కర్ర మూలిగింది. చేవ ఉన్న కర్ర అరిచింది. చివరికి విరిగిన సుత్తి పిడి ఒకటి, ఏళ్ళ తరబడి చేతి చెమట తాగి ఎండి రాయిలా అయినది, సరిపోయింది. దాన్ని కోసి, తొలిచి, ఇరుసుకు బిగువుగా దిగేదాకా ఆకురాయితో రాకాడు. మరీ బిగిస్తే తిరగదు, వదులైతే పలకదు. షెడ్డు వైపు వచ్చినవాళ్ళు ఆ కిర్రుకిర్రులు విని, "మేస్త్రీ, నీ షెడ్డులోనేనా ఈ చప్పుడు?" అని ఆశ్చర్యపోయేవారు. ఆయన తలెత్తకుండా, "పని చేస్తున్నా" అనేవాడు.

బిగించిన రోజు ఈటెలు, గొలుసు, మువ్వలు అన్నీ తీసేశాడు.

"అక్కా, నువ్వు ఇటు తిరిగి కూర్చో. ఇదివరకులా. నేను దొంగలా వస్తాను."

"నీకు దొంగ ముఖం లేదురా."

"ముఖం నువ్వు చూడవుగా. కూర్చో."

ఆవిడ గేటుకు వీపు పెట్టి కూర్చుంది. భుజాలు బిగుసుకున్నాయి. మిషను తొక్కింది. మేస్త్రి వీధిలోకి వెళ్ళి, ఊపిరి బిగబట్టి, గేటు మీద చెయ్యి వేశాడు. అది కిర్ర్ర్ర్ మని సాగదీసి అరిచింది. మిషను చప్పుడు మీదుగా స్పష్టంగా వినబడింది.

"విన్నా" అంది అక్క.

"ఇంకా మెల్లగా వస్తా చూడు." ఈసారి అరుపు ఇంకా పొడుగ్గా, మేక గొంతులా వచ్చింది.

"ఇంకా మెల్లగా రారా."

అంగుళం అంగుళం చొప్పున తోశాడు. గేటు రాగం తీసింది. పక్కింటి కిటికీలోంచి లెక్కల బాబాయి తొంగిచూశాడు. అక్క నవ్వింది. ఆ వ్యవహారం జరిగాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

"ఇప్పుడు మామూలు మనిషిలా రా." ఆయన మామూలుగా తోసుకుని వచ్చాడు. గేటు పొట్టిగా 'కిర్' మని ఊరుకుంది.

"బాగుందిరా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకెలా ఉంది?" అని అడిగింది.

"పంటికింద రాయిలా ఉంది" అన్నాడు మేస్త్రి నిజాయితీగా.

నవ్విందని భయం పోయినట్టు కాదు. తమ్ముడు వెళ్ళగానే ఆవిడ మిషనును మళ్ళీ గేటు వైపు తిప్పుకుంది. చెల్లెలికి వస్తున్నానని చెప్పిన మాట అలాగే ఉంది. కానీ గేటు అరిచినప్పుడల్లా ఎవరో ఒకరు కనిపించేవారు. యూనిఫారానికి కొలతలివ్వడానికి వచ్చిన తల్లి, కరెంటు మీటరు చూసే మనిషి, దిండు గలేబుల పెద్దావిడ. అరవనప్పుడు ఎవరూ ఉండేవారు కాదు. రెండోది ముఖ్యం. కొన్నాళ్ళకు మిషను గేటుకు అడ్డంగా తిరిగింది. కుట్టు సగం నిటారయింది. ఇంకొన్నాళ్ళకు పూర్తిగా తిరిగి పాత చోటికి వచ్చింది. నెలాఖరు వచ్చి పోయింది. చెల్లెలు ఎప్పుడొస్తావని అడిగితే, "బళ్ళు తెరుస్తున్నారే, ఇప్పుడెలా వస్తాను?" అందట.

ఆ లోపల దొంగతనాలు కూడా సద్దుమణిగాయి. దొంగను పట్టుకున్నారని కొందరు, ఇంకో పేటకు పోయాడని కొందరు అన్నారు. కానిస్టేబుల్‌ను అడిగితే, "పట్టుకున్నామని నేను చెప్పలేదు, పోయాడని వాడూ చెప్పలేదు" అన్నాడు. బాబాయి మాత్రం మన స్థానం అయిదు నుంచి ఎంతకు దిగిందో తెలుసుకోవాలని పేపరు తిరగేస్తూనే ఉన్నాడు.

వానాకాలం మొదట్లో ఒక పగటిపూట మేస్త్రి చాలా రోజులకు అక్కను చూడడానికి వచ్చాడు. గేటు తోశాడు. అది జారింది. జారి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. చప్పుడు లేదు.

ఆయన రెండడుగులు వేశాకగానీ ఆ సంగతి బుర్రకెక్కలేదు. అప్పటికి వసారా మెట్టు మీద ఉన్నాడు. ఎదురుగా అక్క వీపు. మిషను చకచకా తిరుగుతోంది. వెలుతురు భుజం మీదుగా తెల్లగుడ్డ మీద పడుతోంది. ఆవిడ ఏదో పాడుకుంటోంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరం.

మేస్త్రి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. ఇప్పుడు "అక్కా" అని పిలిచినా, దగ్గినా, ఆవిడ ఎగిరిపడుతుంది. ఇన్నాళ్ళ పని ఒక్క క్షణంలో నేలపాలవుతుంది. ఆయన తన గేట్లంత మెత్తగా వెనక్కి అడుగేశాడు. ఇంకో అడుగు. గేటు దాటి, మూసి, వీధిలో నిలబడి, గడియను గట్టిగా గలగల్లాడించి అరిచాడు.

"అక్కా! నేనే!"

"తీసుకుని రారా. గొలుసేం లేదుగా" అంది ఆవిడ, తల తిప్పకుండానే.

ఆయన లోపలికొచ్చి పై బందు మీద వేలు పెట్టి చూశాడు. వేలికి జిడ్డు అంటుకుంది. కర్ర కడియం నూనె తాగి నల్లబడి ఉంది.

"నూనె ఎవరు పోశారు?"

మిషను ఆగింది. ఆవిడ ఇటు తిరిగింది. "ఏ నూనె?"

పక్కింటి గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. లెక్కల బాబాయి తల గోడ మీదికి వచ్చింది.

"నేనేనయ్యా. పోసి చాలా రోజులైంది. యూనిఫారాల కాలం కదా, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు, మధ్యాహ్నం కన్ను మూస్తే చాలు కిర్రు, కిర్రు. కాస్త కొబ్బరినూనె పోశా."

"మీ గేటు అంతకన్నా ఎక్కువ అరుస్తుందిగా బాబాయ్!"

"నా గేటు అరుపు నాకు జోలపాటయ్యా. ఇంకోడి గేటు అరిస్తే నిద్రెలా పడుతుంది?" అని, మిషనక్క ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "తప్పయితే చెప్పమ్మా. అది నీకోసం పెట్టిందని తెలుసు. ఆ పూట నిద్ర ముంచుకొచ్చి ఆలోచించలేదు."

ఆవిడ లేచి గేటు దగ్గరికి వెళ్ళింది. మెల్లగా తీసింది. చప్పుడు లేదు. ఇంకా మెల్లగా తీసింది. గేటుకు చెవి ఆనించి మరీ తీసింది. మేస్త్రి పక్కన నిలబడి ఆవిడ చేతులకేసి చూస్తున్నాడు. ఇప్పుడీవిడ వెనక్కి వెళ్ళి మిషను తిప్పేస్తుందా, చెల్లెలికి కబురు పెడుతుందా అన్నదొక్కటే ఆయన ఆలోచన.

"చాలా రోజులంటే ఎన్ని రోజులు బాబాయిగారూ?"

"మొదటి వానకి ముందే పోశానమ్మా."

"మొదటి వానకి ముందు" అని ఆవిడ తనలో తాను అనుకుంది. "వానలో ఆవిడెవరో గొడుగుతో వచ్చి, గుడ్డల కోసం వెనక నిలబడి పిలిచింది. నేను తిరిగి చూసి, తడిసిపోయావే, లోపలికి రా అన్నాను. ఉలిక్కిపడలేదురా. గేటు అరవలేదని కూడా తోచలేదు."

 బాబాయి తల గోడ మీద అలాగే ఉంది.

"కడియం మార్చేస్తా అక్కా. ఇప్పుడే కొలత తీసుకుంటా, సాయంత్రానికి బిగిస్తా" అన్నాడు మేస్త్రి.

ఆవిడ మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. గేటుకు వీపు పెట్టే కూర్చుంది. గుడ్డ సర్దుకుని, సూది కింద పెట్టి, దాన్ని అదిమిపట్టే అడుగుపట్టు దించింది.

"మార్చు. మిషను తొక్కుతుంటే వచ్చినవాళ్ళు వినబడడం లేదు, పాపం నిలబడిపోతున్నారు" అంది. "కానీ తొందరేం లేదులే. నీకు తీరికైనప్పుడు చూడు."